బందరు నోబిలుగారు: వారి తుది సంవత్సరము

మన సంఘ వార్షిక మహాసభ ఈ పర్యాయము గవర్నరుపేటలో జరుగుటకు నిశ్చయమైన వెనుక, సంచికకొక జీవితచరిత్రము వ్రాసి యిమ్మని సంచికాసంఘమువారు మమ్ము కోరిరి. మన కులమున పుట్టి కీర్తి గాంచిన పెద్దల చరిత్రములు గడచిన సంచికలలో చాలవఱకు వచ్చియున్నవి. కావున ఈసారి మేము కులముచేతను దేశముచేతను మనవాడు కాని ఒక మనుష్యుని చరిత్రము నెంచుకొంటిమి. ఇంగ్లండునుండి వచ్చి మచిలీబందరులో ఇరువదినాలుగేండ్లు ఉండి పాఠము చెప్పి, ఒక్కమాఱైనను స్వదేశమునకు మరలక ఆ యూరనే కన్ను మూసిన రాబర్టు టర్లింగ్టన్ నోబిలుగారే ఆయన.

ఈ మాట సంచికాసంఘములో బయటపెట్టినంతనే ఇద్దరు ముగ్గురు పెద్దలు నొసలు ముడిచిరి. ఆయన దొర యనిరి. మతబోధకుడనిరి. మన సభ్యులలో వేర్వేఱు మతములవారు కలరనిరి. అన్నిటికిని మించి, పంచములని పిలువబడుచుండిన మన పిల్లలకు ఆయన బడిలో మొదట చోటు లేకపోయెను గదా, అట్టివాని చరిత్రమునకు మన సంచికలో పుటలేల యని యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. మేము ఆ కడపటి సంగతిని మఱుగుపఱచుటకు పూనుకొనలేదు. దానికొఱకే ఈ చరిత్రము నెత్తుకొంటిమి. మహాసభ రెండవనాటి మధ్యాహ్నము మన విద్యార్థి వసతిగృహమును గూర్చిన తీర్మాన మొకటి సభ్యుల యెదుటికి రానున్నది. దానికిని దీనికిని గల చుట్టఱికము చదువరులకు పోనుపోను తెలియగలదు.

మనము సభ చేసికొనుచున్న గవర్నరుపేట ఏలూరు రోడ్డునకును బందరు రోడ్డునకును నడుమ ఒదిగియున్నది. బందరు రోడ్డునకు మహాత్ముని పేరు పెట్టి చాలకాలమైనను, ఆటోవారు మొదలు ప్లీడర్ల వఱకు నేటికిని దానిని బందరు రోడ్డనియే పిలుచుచున్నారు. ఆ దారి పట్టి కంకిపాడు, ఉయ్యూరు, పామఱ్ఱు దాటి పోయినచో నలుబది మైళ్ళకు పైబడిన దూరమున బందరు వచ్చును. నోబిలుగారు వచ్చిననాటికి ఈ కాలువలు లేవు, ఆనకట్ట లేదు, గవర్నరుపేటయు లేదు. 1833 నాటి డొక్కల కరవులో ఎండిన డొక్కలు ఇంకను జనుల జ్ఞాపకమునుండి తొలగలేదు. బెజవాడ కొండల నడుమ కృష్ణకు ఆనకట్ట కట్టుట 1852 లో మొదలై 1855 లో ముగిసెను. ఆ మధ్యకాలమే నోబిలుగారి బడి పడి లేచిన కాలము కూడ.

నోబిలుగారు 1809 వ సంవత్సరమున ఇంగ్లండులోని లెస్టరుషైరు మండలమందలి ఫ్రిస్బీ యను పల్లెలో జన్మించిరి. తండ్రి ఆ గ్రామమునకు చర్చి గురువు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమందలి సిడ్నీ ససెక్సు కళాశాలలో చదివి, తామును గురువృత్తి నవలంబించిరి. ఆ దినములలో బందరు నందలి కొందఱు ఇంగ్లీషు ఉద్యోగులు చందాలు పోగుచేసి, తెలుగుదేశమునకు మిషనరీలను పంపవలసినదని లండనులోని చర్చి మిషనరీ సంఘమునకు విన్నవించుకొనియుండిరి. అప్పటికే నరసాపురమున బౌడెను, బీరు అను ఇద్దరు ఇంగ్లీషువారును, నెల్లూరున డే అను అమెరికా బాప్టిస్టు దొరయు పని ప్రారంభించి యుండిరి. గుంటూరునకు లూథరన్ హయ్యరుగారు వచ్చినది 1842 లో. బందరువారి కోరిక మేరకు నోబిలుగారును, ఆయనకంటె ఎనిమిదేండ్లు చిన్నవాడగు హెన్రీ వాట్సన్ ఫాక్సుగారును 1841 మార్చి నెలలో ఓడ యెక్కిరి. సూయజు కాలువ ఇంకను త్రవ్వబడలేదు. గుడ్ హోపు అగ్రమును చుట్టి చెన్నపట్టణము చేరునప్పటికి నాలుగు నెలలు పట్టెను. ఆ సంవత్సరాంతమునకు ముందే ఇరువురును బందరు చేరిరి.

వచ్చినవెంటనే నోబిలుగారు బడి తెరువలేదు. రెండేండ్లపాటు తెలుగే నేర్చుకొనిరి. బ్రౌనుదొరగారి వ్యాకరణము 1840 లో అచ్చయ్యెను గాని, ఆయన నిఘంటువు వెలువడుటకు 1852 వఱకు ఆగవలసి వచ్చెను. చిన్నయసూరిగారి బాలవ్యాకరణము 1858 నాటిది. కాబట్టి దొరలకు తెలుగు నేర్చుకొనుటయనగా మున్షీ యెదుట కూర్చుండి ఒక్కొక్క మాటను చెవితో పట్టుకొనుటయే. పరభాష మాటలాడు ఊరికి పోయి బ్రతికినవారెవ్వరైనను ఆ మొదటి దినముల అవమానము నెఱుగుదురు. మన సంఘ కుటుంబములలో నేడు పిల్లలు దేశాంతరములందున్నవారు కొల్లలుగా నున్నారు గనుక ఈ మాట విడమఱచి చెప్పనక్కఱలేదు.

ఫాక్సుగారి కథ ఇక్కడ కొంచెము చెప్పవలయును. నోబిలుగారు ఊరినంటి యుండువారు. ఫాక్సుగారు ఊరూర తిరుగువారు. చెట్ల క్రిందను, సంతలందును, తీర్థములందును నిలిచి మాటలాడుట ఆయన పని. ఆయన భార్యకు జబ్బు చేయగా 1845 లో ఆమెను ఇంగ్లండునకు కొనిపోవ తలపెట్టి చెన్నపట్టణమున ఓడ యెక్కిరి. ఓడ రేవు దాటకమునుపే ఆమె మరణించెను. పసిబిడ్డ యొకడు ఆ ప్రయాణముననే పోయెను. మిగిలిన బిడ్డలను ఇంగ్లండున బంధువుల కప్పగించి ఫాక్సుగారు ఒంటరిగా మరల బందరు వచ్చిరి. కాని శరీరము నిలువక 1848 లో తిరిగి పోవలసివచ్చెను. ఆ అక్టోబరులోనే ఇంగ్లండున మృతినొందిరి. వయస్సు ముప్పదియొక్క సంవత్సరములు. బిడ్డలలో ఒకరు, హెన్రీ ఎలియటు ఫాక్సుగారు, తరువాతి కాలమున ఆ మిషనరీ సంఘమునకే కార్యదర్శి యైరి. నోబిలుగారికి ఓడలో తోడువచ్చినవాడు ఈ విధముగా ఏడేండ్లకే పోయెను. తక్కిన పదునేడేండ్లు ఆయన బందరున గడపినది ఈ వియోగము తరువాతనే.

బడి 1843 నవంబరు 21 వ తేదీని తెరువబడెను. వేళ్లమీద లెక్కింపదగినంతమంది పిల్లలతో మొదలయ్యెను. ఇంగ్లీషును, తెలుగును, లెక్కలును, వానితోపాటు ప్రతిదినము బైబిలును చెప్పుచుండిరి. నోబిలుగారు తమ బడికి పిలిచినది బ్రాహ్మణుల, వెలమల, ఇతర ఉన్నత కులముల బాలురను, మహమ్మదీయులను. మన పేటల పిల్లలను పిలువలేదు. ఇది యాదృచ్ఛికముగా జరిగినది గాదు, ఆలోచించి చేసినది. పెద్దకులములవారు మాఱినచో వారి వెంట దేశము మాఱుననియు, పంచముల పిల్లవానిని బల్లపై కూర్చుండబెట్టినచో తక్కినవారందఱు లేచిపోదురనియు ఆయన యెంచిరి.

కృష్ణా డెల్టాలో సేద్యము చేసినవారికి ఈ లెక్కలోని చిక్కు వెంటనే తెలియును. కాలువకు తలయెత్తున నున్న పొలమువాడు తన మడి నిండినను తూము మూయడు. శివారు చేనివాడు రాత్రులు గట్టుమీద కాపు కాచి నీటి చప్పుడు కొఱకు చెవి యొగ్గుచుండును. పైన నిండినది దానంతట అదియే క్రిందికి వచ్చునన్న మాట కాగితముమీద సరియే. కాని లస్కరు వచ్చి తూము దించినగాని శివారునకు నీరు రాదు. నోబిలుగారి మొదటి బడి తలయెత్తు పొలమునకే నీరు పెట్టెను. మన తాతముత్తాతలు శివారున నుండిరి. ఆయన యందు మాకు గల గౌరవము ఈ మాట చెప్పుటకు అడ్డు రాదు. ఆయన సొంతలాభము కొఱకు గాని, పెద్దకులములవారి మెప్పు కొఱకు గాని అట్లు చేయలేదనుట నిజము. అట్లు చేసిరనుటయు నిజమే.

ఇక 1852 వ సంవత్సరము. ఆనకట్టకు పునాదులు త్రవ్వుచున్న యేడే బందరులో గొప్ప అలజడి కలిగెను. బడిలో చదువుకొనుచుండిన యువకు లిద్దరు, ఒకరు బ్రాహ్మణులు, మఱియొకరు వెలమలు, తమకు బాప్తిస్మ మిమ్మని నోబిలుగారి యింటికి వచ్చి చేరిరి. ఊరు ఊరంతయు లేచెను. గుంపులు ఇంటిని ముట్టడించెను. తల్లులు వాకిట పడి యేడ్చిరి. ఈ ఘట్టమును వ్రాసిన మిషనరీ చరిత్రకారులు సాధారణముగా యువకుల ధైర్యమును మాత్రమే వర్ణింతురు. ఆ తల్లుల దుఃఖమును తేలికగా చూచుటకు మాకు మనసు రాదు. బిడ్డ బ్రతికియుండగానే చచ్చినవానిగా నెంచవలసిన ఆచారమది. ఆ ఆచారము వారు చేసినది గాదు. మతము మార్చుకొన్నవాని ఆస్తిహక్కు చెడదని ప్రభుత్వము 1850 లో చట్టము చేసియుండుటచే కుటుంబముల కోపమునకు మఱింత ఆజ్యము పోసినట్లయ్యెను. ఏమైన నేమి, యువకులు తిరిగి యింటికి పోలేదు. వారికి బాప్తిస్మము జరిగెను. మఱునాటినుండి బడి పాడుపడెను. తొమ్మిదేండ్లు రాయిమీద రాయి పేర్చి కట్టినది ఒక్కవారములో ఖాళీ యయ్యెను.

నోబిలుగారు ఆ ఖాళీగదులలో ఏమి తలంచుచుండిరో మనము ఊహింపరాదు. చేసిన పని మాత్రము తెలియును. బడి తలుపులు మూయలేదు. వచ్చిన నలుగురికే పాఠము చెప్పిరి. కొంతకాలమునకు పిల్లలు ఒక్కరొక్కరుగా తిరిగి వచ్చిరి. దీనికి కారణము మతముమీది మక్కువ కాదు. కచేరీలలో ఇంగ్లీషు వచ్చినవారికి కొలువులు దొరకుచుండెను. బందరున అంత శ్రద్ధతో ఇంగ్లీషు చెప్పు బడి వేఱొకటి లేదు. కోపగించిన తండ్రులే మూడునాలుగేండ్లలో కొడుకుల చేయి పట్టుకొని తీసికొనివచ్చిరి. ఆ పిల్లలలో పెక్కుమంది తరువాత ఈ మండలపు కచేరీలలో ఉద్యోగులై, లంచము పట్టనివారని పేరు తెచ్చుకొనిరి. ఆ కాలపు కచేరీల సంగతి యెఱిగినవారికి ఇది చిన్నమాట గాదు. మహమ్మదీయ యువకుడగు జానీ ఆలీగారును ఈ బడిలోనివారే. ఆయన క్రైస్తవుడై, కేంబ్రిడ్జిలో చదివి, మిషనరీగా పనిచేసిరి.

ఇంతలో బెజవాడ వైపున నోబిలుగారి లెక్కను తలక్రిందులు చేయు సంగతి యొకటి జరిగెను. ఇచ్చట డార్లింగుగారను మిషనరీ పనిచేయుచుండిరి. ఏండ్లు గడచినను ఆయన మాట విన్నవాడొక్కడును లేడు. 1859 లో రాఘవాపురమునుండి పగోలు వెంకయ్య అను మాలపెద్ద కృష్ణలో స్నానములు జరుగు పర్వదినమున బెజవాడ వచ్చెను. విగ్రహములయందు నమ్మకము పోయి, తానెఱుగని దేవుని తనకు తోచిన మాటలలో ప్రార్థించుచు ఏండ్లు గడపినవాడాతడు. నదీతీరమున ఆతడు వేసిన ప్రశ్నకు ఒక బ్రాహ్మణుడే డార్లింగుగారి యిల్లు చూపెనని చెప్పుదురు. వెంకయ్యగారు ఆ యింటికి పోయి, విని, తిరిగి తన పల్లెకు పోయి, తనవారిని వెంటబెట్టుకొని వచ్చెను. ఎవ్వరును ఆయనను పిలువలేదు. ఆయనకొఱకు బడి కట్టలేదు. ఆయన భాషలో వ్యాకరణము వ్రాయలేదు. తలయెత్తు పొలము నిండువఱకు ఆగుడని చెప్పబడిన శివారు మనుష్యుడు తానే నడచి కాలువ మొదటికి వచ్చెను. కృష్ణా మండలమున క్రైస్తవ సంఘము పెరిగినది ముఖ్యముగా ఈ త్రోవనే గాని, బందరు బడిత్రోవను గాదు. వెంకయ్యగారి చరిత్రము వేఱుగా వ్రాయదగినది. రాబోవు సంచికలో ఎవ్వరైనను పూనుకొందురు గాక.

నోబిలుగారు ఈ మార్పును కన్నులార చూచిరి. ఆయనకు ఇక మిగిలినది ఆఱేండ్లు. ఇప్పుడు మేము ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచిన తుది సంవత్సరమునకు వచ్చితిమి.

1864 వ సంవత్సరము ఆయన జీవితమున మిక్కిలి సంతోషకరముగా నుండవలసినది. పండ్రెండేండ్ల క్రిందట ఇల్లు విడిచి వచ్చిన అయినాల భూషణముగారును మంచాల రత్నముగారును ఆ యేడు గురువులుగా అభిషేకింపబడిరి. ఆ సంఘపు తెలుగు మిషనులో తెలుగువారు పాదిరులగుట అదియే మొదలు. ఏ యువకుల మూలమున బడి పాడుపడెనో వారే నేడు తనతో సమానముగా వేదికపై నిలిచిరి. ఇరువదిమూడేండ్ల క్రితము ఓడ దిగినవానికి ఇంతకంటె కావలసినదేమి? ఇక స్వదేశమునకు మరలి విశ్రాంతి తీసికొన్నను ఆయన నెవ్వరును ఆక్షేపింపకపోయెడివారు.

నవంబరు 1 వ తేదీ రాత్రి తుపాను వచ్చెను. ప్రొద్దు గ్రుంకిననాటనుండి గాలి హెచ్చుచుండెను. అర్ధరాత్రము కాకమునుపే సముద్రము పొంగి భూమిపైకి నడచెను. మామూలు పోటుకంటె పదుమూడడుగుల యెత్తున నీరు లేచినదని ఆనాటి కొలతలు చెప్పుచున్నవి. కొన్నిచోట్ల తీరమునుండి పదునేడు మైళ్ళవఱకు లోపలికి వచ్చెను. మునిగిన నేల సుమారు 780 చదరపు మైళ్ళు. చచ్చినవారు ముప్పదివేలమంది. బందరుకోటకును ఊరికిని నడుమనున్న ఉప్పుపఱ్ఱ సముద్రములో కలిసిపోయెను. దివిసీమనుండి వచ్చిన మన సభ్యులకు ఈ వర్ణన మక్కఱలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి ప్రాంతములు ఎట్లయినవో చూచినవారు ఈ సభలోనే యున్నారు. ఆనాడు దాదాపు పదివేలమంది పోయిరి. 1864 లో అంతకు మూడింతలు. అదియు రేడియో లేని, ముందుగా చెప్పువారు లేని, పోవుటకు లారీలు లేని రాత్రి.

బందరులో షార్కీగారను మిషనరీయు ఆయన భార్యయు బాలికలకు వసతిపాఠశాల యొకటి నడుపుచుండిరి. ఆడపిల్లకు అక్షరమేలయను కాలమున, తల్లిదండ్రులను విడిచివచ్చిన పిల్లలు అచ్చట ఉండి చదువుకొనుచుండిరి. ఆ రాత్రి ముప్పదిమూడుగురు బాలికలు నీటిపాలైరి. ముప్పదివేల లెక్కలో ముప్పదిమూడు చిన్న సంఖ్య. ఐనను ఈ చరిత్రము వ్రాయుచు మేము ఎక్కువసేపు ఆగినది ఈ అంకెయొద్దనే. మన కుటుంబములలో మొట్టమొదట అక్షరములు దిద్దిన స్త్రీలను గూర్చి మన సంచికలలో అప్పుడప్పుడు గర్వముగా వ్రాసికొనుచున్నాము. ఈ డెల్టాలో ఆ వరుస మొదలైన చోటులలో ఇది యొకటి. ఆ వరుసలో ముందు నిలిచిన పిల్లలు వీరు. సముద్రము వీరి కులము నడుగలేదు. నోబిలుగారి బడి మాత్రము మొదట అడిగినది.

తెల్లవారినవెనుక ఆ యూరిలో ఏమి చేయవలసి యుండునో ఉప్పెన చూచినవారికి తెలియును. శవములను తీయవలయును. పశువుల కళేబరములను పూడ్చవలయును. చెఱువులన్నియు ఉప్పునీరగుటచే త్రాగునీరు వెదకవలయును. ఉప్పు తిన్న పొలము ఏండ్లవఱకు పంటకు రాదు. వానల వెనుక జ్వరములు. బెజవాడ ఆనకట్టనుండి మంచినీరు తెచ్చు కాలువలే ఆ కాలమున డెల్టాకు ప్రాణము నిలిపినవి. రేవుపట్టణముగా బందరునకు మునుపే తగ్గుచుండిన వైభవము ఈ దెబ్బతో మఱి లేవలేదు. కోటలోని సైన్యమును కూడ పిమ్మట తొలగించిరి. 1611 లో ఇంగ్లీషువారు తమ తొలి వర్తకశాలలలో ఒకదానిని పెట్టినదియు, కలంకారీ అద్దకములతో దూరదేశములందు పేరుమోసినదియు నగు ఊరు ఆనాటినుండి చిన్నబోయెను.

ఏబదియైదేండ్ల మనిషి, ఇరువదిమూడేండ్లు ఎండలోను ఉక్కలోను ఒకేచోట నుండి నలిగిన శరీరము. ఇట్టి స్థితిలో నోబిలుగారు ఊరు విడువలేదు. బ్రతికిన పిల్లలను తిరిగి పోగుచేసి బడి నడిపిరి. మేము ఎఱిగినంతవఱకు ఆ సంవత్సరమున ఆయన చేసిన క్రొత్తపని యేదియు లేదు. మతమున చేర్చుకొన్నవారి పట్టికలు, కట్టిన మేడలు, ఎత్తిన చందాలు అను లెక్కలతో మిషనరీల వార్షిక నివేదికలు సాధారణముగా నిండియుండును. అట్టి కొలతతో చూచినచో ఆ యేడు శూన్యము. మా దృష్టికి ఆయన ఇరువదినాలుగేండ్లలో ఇదియే గొప్ప యేడు. 1852 లో ఖాళీబడిలో పాఠము చెప్పినవాడే 1865 లో తడిసిన గోడల నడుమ పాఠము చెప్పెను. తేడా యేమనగా, మొదటిసారి బడి ఖాళీ యగుటకు తన పనియే కారణము. రెండవసారి ఎవ్వరును కారణము గారు. మొదటిసారి ఊరు ఆయనపై పగబట్టెను. రెండవసారి ఊరును ఆయనయు ఒకే నీటిలో తడిసిరి. పరదేశి యనుట ఆ రాత్రితో ముగిసినదని మేము తలంచుచున్నాము.

1865 అక్టోబరు 17 వ తేదీని, ఉప్పెనకు సంవత్సరము నిండుటకు పదునైదు దినములు తక్కువగా, నోబిలుగారు బందరున మరణించిరి. వయస్సు ఏబదియాఱు. ఆయన సోదరుడు జాన్ నోబిలుగారు తరువాత ఇంగ్లండున ఆయన చరిత్రమును గ్రంథముగా వ్రాసిరి.

బడి నిలిచెను. నోబిలుగారి పేరనే అది పెరిగి కళాశాల యయ్యెను. నేటికిని బందరున నడచుచున్నది. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు కొంతకాల మందు బోధకులుగా నుండిరి. ముట్నూరి కృష్ణారావుగారు, కోపల్లె హనుమంతరావుగారు, పట్టాభి సీతారామయ్యగారు అందు చదివి, 1910 లో అదే యూర ఆంధ్రజాతీయ కళాశాలను నెలకొల్పిరి. మతము మార్చవలెనని కట్టిన బడిలోనుండి స్వరాజ్యము కోరినవారు వచ్చుట కట్టినవాని లెక్కలో లేని ఫలము. కాలక్రమమున అన్ని కులముల పిల్లలును ఆ గుమ్మము దాటిరి. మన పిల్లలును దాటిరి. మా పెదతండ్రిగారు బెజవాడనుండి బందరు పోయి ఆ కళాశాలలోనే చదివిరి. తమకు ఆ గదులలో ఎవ్వరును అడ్డు చెప్పలేదనియు, మెట్లమీద నోబిలుగారి పేరు చదివినప్పుడెల్ల ఒక నవ్వు వచ్చెడిదనియు ఆయన అనుచుండిరి. ఆ నవ్వు ఎట్టిదో వివరింపుమని మేము అడుగలేదు.

1917 నవంబరులో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను ఈ బెజవాడలోనే పంచమ మహాసభ కూడి, మనవారికి ఆదిఆంధ్రులను పేరు నిలిపెను. సభ జరిగిన దినములలో కనకదుర్గ గుడి తలుపులు మూసిరి. తలుపులు మూయబడుటను గూర్చి మనకు ఎవ్వరును క్రొత్తగా చెప్పనక్కఱలేదు.

ఇక తీర్మానము. మన విద్యార్థి వసతిగృహమున ఈ యేడు పది మంచములు ఖాళీగా నున్నవి. మనకంటె చిన్నదియు బీదదియు నగు పొరుగు కులమువారు తమ పిల్లలకు ఆ చోటిమ్మని కార్యవర్గమును అర్థించిరి. వారికి సంఘము లేదు, చందాలు లేవు. మన కులపు సొమ్ముతో కట్టినది మన పిల్లలకే ఉండవలయుననియు, ముందు మనవారు పైకి వచ్చినచో వెనుక వారిని చూడవచ్చుననియు కొందఱు సభ్యుల అభిప్రాయము. వారు మా మిత్రులు; వారి చందాలే ఆ గోడలలో ఎక్కువగా నున్నవి. ముందు వీరు, వెనుక వారు అను ఈ క్రమమును మేము మునుపొకచోట చదివియుంటిమి. పోషకులు ఈ వ్యాసమును మొదటినాటి రాత్రి చదివి, రెండవనాడు భోజనములైన పిమ్మట మూడు గంటలకు సభామందిరమునకు దయచేయ ప్రార్థన. తీర్మానమును బలపఱచుచు మాటలాడువారిలో మా పేరు మొదట వ్రాయించితిమి.